అది ముక్కు సైనస్ కాదమ్మా

అమ్మకు నమస్కారం.

ఇక్కడ నేనూ మీ అల్లుడూ కులాసా. నువ్వూ కులాసా అనే రాశావు గానీ, చెవిలో పిండిమర తిరుగుతోందని పక్క వాక్యంలోనే ఒప్పుకున్నావు. ఫోన్లో నా మాట వినపడక అన్నిటికీ సరే సరే అంటున్నావు, అందుకే ఈ ఉత్తరం.

ముందు ఆ ఆవిరి పట్టడం ఆపు. నీ తల స్కాన్ రిపోర్టులో సైనస్ అన్న మాట చూసి, వట్టి జలుబేనని నాన్న అందరికీ టాంటాం వేశారట. నవ్వాగలేదు. మెదడు వాడేసుకున్న రక్తం కిందికి దిగే పెద్ద కాలువను కూడా మేం సర్జన్లం సైనస్ అనే అంటాం. కుడివైపొకటి, ఎడమవైపొకటి ఉంటాయి. చాలామందికి ఎడమది చిన్నది. నీ తలలోని కణితి ఆ ఎడమదాని గోడకే అతుక్కుంది.

ఆపరేషన్ ఎందుకు వాయిదా వేశారు, ఏం దాస్తున్నావు అని అడిగావు. కుడిది ఉంది కదా అన్న ధీమాతో, ఎడమదాన్ని కట్టేసి కణితితో సహా తీసేద్దామనుకున్నాం. తీరా స్కాన్‌లో కుడిది కనపడలేదు. రక్తం గడ్డకట్టి మూసుకుపోయిందేమో అన్నాడు మా జూనియర్. నేను ఎముక చూశాను. కాలువ ఉన్నచోట ఎముక మీద గాడి ఉంటుంది. నీకు కుడివైపు గాడే లేదు. పుట్టుకతోనే ఆ కాలువ ఏర్పడలేదన్నమాట. ఇన్నేళ్లూ ఎడమదొక్కటే మొత్తం మోసుకొచ్చింది. దాన్ని కట్టేసి ఉంటే నువ్వు దక్కేదానివి కాదు.

అందుకని గోడకు అతుక్కున్న కణితి పొర కాస్త వదిలేసి, ఏటా స్కాన్ తీసి కనిపెడుతూ ఉంటాం. పక్కింటావిడ చెప్పిందని మొత్తం తీయమని పట్టుబట్టకు.

ఇక ఇందాకటి నుంచి నాన్చుతున్న మాట. "నా తల మీద నువ్వు తప్ప ఎవరూ చెయ్యి వెయ్యడానికి వీల్లేదు" అన్నావు. అమ్మా, నేను చెయ్యను. మా పెద్ద డాక్టరుగారు చేస్తారు. వేరేవాళ్ల తలలో ఎక్కడ ఆగాలో నాకు తెలుసు. నీ దగ్గర ఆగలేను. ఆ మిగిలిన కాస్తా గీకేద్దామని ఆశ పుడుతుంది, ఆ ఆశతోనే నిన్ను పోగొట్టుకుంటాను. ఈ మాట ఆయనతో చెప్పి, ఆయన ముందే ఏడ్చేశాను.

కోపం వస్తే రానీ. నీకు మత్తు ఎక్కేదాకా చెయ్యి పట్టుకుని ఉంటాను. తర్వాత బయట బెంచీ మీద నాన్న పక్కన కూర్చుంటాను. సర్జన్ నేను కాకపోతే ఇంకొకరు దొరికారు. నువ్వు పోతే నాకు ఇంకో అమ్మ ఎక్కడ దొరుకుతుంది?

ఇట్లు,
నీ మాట మళ్లీ కాదన్న
నీ మొండి కూతురు