పల్లకి వెనక భుజం

నంద్యాల,
1956 ఫిబ్రవరి

అన్నా,

నిన్న ప్రమీలమ్మ అత్త ఆళ్లగడ్డ బస్సులో వచ్చి హాస్టలు గడప మీదే కూలబడి ఏడ్చింది. "మీ అన్న వేటకొడవలి నూరుతాండాడురా. అహోబిలం స్వామి పల్లకి మన ఊరికొచ్చిన పొద్దే మద్దిలేటిని నరుకుతాడంట. మోసేటప్పుడు వాని రెండు చేతులూ బొంగు మీదుంటాయంట" అనింది.

పల్లకికి ముందు మన ఇల్లు, వెనక మద్దిలేటి ఇల్లు భుజం పట్టడం తాతల నాటి కట్టు. నాయనను చంపినవాడు కూడా పల్లకి ఊరు దాటేదాకా ఆగినాడు, అన్నా.

ఆ రోజు చెనిక్కాయ చేలో నాయన తల నా ఒడిలో ఉంది. మెడ తెగి నెత్తురు బుగ్గలు బుగ్గలుగా వస్తోంది. "ఎవురు నాయనా? పేరు చెప్పు!" అని నువ్వు అరిచినావు. నరికింది మద్దిలేటి అని మనకు తర్వాత తెలిసింది, ఆయనకు అప్పుడే తెలుసు. అయినా ఆ పేరు పలకలేదు. మిగిలిన ఊపిరంతా "నరసింహా" అనడానికే ఖర్చు చేసినాడు. మొన్న తరగతిలో అయ్యవారు స్మరణ అనే మాట వివరిస్తుంటే నాకు ఆ నోరే కనిపించింది. నువ్వేమో అదే పేరు తలచుకుని కొడవలికి కుంకుమ పెడుతున్నావంట. మోసేవాణ్ణి నరికితే స్వామి కూడా ఆ నెత్తుట్లోనే పడతాడు.

శుక్రవారం పొద్దున బస్సుకు వస్తున్నాను. పల్లకి వెనక మద్దిలేటి పక్కనే నేను భుజం పడతాను. నీ కొడవలి వాని మెడకు చేరాలంటే నా మెడ దాటిపోవాల.

అమ్మకు ఈ ఉత్తరం చదివి వినిపించొద్దు.

నీ తమ్ముడు