బిస్కెట్ డబ్బాలో రెండు ఫోన్లు

మార్చి 3

కౌన్సెలర్ మేడమ్ మా హాస్టల్ రూమ్మేట్‌కి మందులు రాయలేదు, బ్రేక్ రాశారు. రోజూ మూడు నుంచి ఐదు దాకా ఫోనూ లాప్‌టాపూ ముట్టుకోకూడదట. మా రూమ్మేట్‌ని అందరం రేడియో అంటాం, నోరు మూయదు కనుక. పరీక్షల భయంతో ఈ నెలంతా దానికి నిద్ర లేదు, తిండి లేదు, చేతులు వణుకుతున్నాయి. ఒక్కదాన్నే అయితే నా వల్ల కాదే, నువ్వూ ఉండవే తల్లీ అని నా గడ్డం పట్టుకుంది. సరేనన్నాను. ఇద్దరి ఫోన్లూ బిస్కెట్ డబ్బాలో పెట్టి బీరువా మీదికి ఎక్కించాం.

మార్చి 4

అరగంటకే పిచ్చెక్కింది.

మార్చి 5

ఇవాళ డబ్బాలో పెట్టింది నా పాత ఫోన్. అదెప్పుడో చచ్చింది. దానికి నా కవరే తొడిగాను. అసలుది దిండు గలీబులో దాచాను. రేడియో కిందికి వెళ్ళగానే బాత్రూమ్‌లో కుళాయి తిప్పి రీల్స్ చూశాను. ఎవరి కొంప మునిగింది?

మార్చి 9

రేడియో హాయిగా ఎనిమిది గంటలు పడుకుంది. బ్రేక్‌లో కింద తాడాట ఆడుతోంది, ఇరవై ఏళ్ళ గాడిద. చేతుల వణుకు తగ్గిందట. ఇదంతా నీ పుణ్యమేనే, నువ్వు తోడు లేకపోతే మొదటిరోజే వదిలేసేదాన్నని వాటేసుకుంది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. అయినా రేపూ చూస్తాను, నాకు తెలుసు.

మార్చి 12, 3:40

క్లాస్ గ్రూపులో మెసేజ్. రేపటి వైవా ఇవాళ నాలుగింటికే పెట్టారట, రోల్ నంబర్ ముప్ఫై తర్వాతవాళ్ళకి. నాది నిన్ననే అయిపోయింది. రేడియోది నలభై ఒకటి. అది కింద తాడాటలో ఉంది. చెబితే నీకెలా తెలిసిందే అంటుంది. ఎవరో ఒకరు చెప్పకపోతారా.

3:55

ఎవరూ రాలేదు. కిటికీ దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను.

5:10

రేడియో డబ్బా తీసింది. పదకొండు మిస్డ్ కాల్స్. నేలమీద కూలబడింది. వైవా లేకపోతే ఫైనల్ పరీక్షకి కూర్చోనివ్వరు. ఏడుస్తుంటే వీపు నిమిరాను. అయ్యో, ఎంత పనయిందే అన్నాను. ఛీ, ఈ నోటితోనే అన్నాను.

మార్చి 13

ల్యాబ్ మేడమ్ కాస్త మెత్తబడ్డారట. బ్రేక్‌లో ఇద్దరి ఫోన్లూ డబ్బాలోనే ఉన్నాయని నేను సంతకం పెడితే మళ్ళీ వైవా పెడతామన్నారట. రేడియో కాగితం రాసి తెచ్చింది. నిన్ను కూడా ఇందులోకి లాగాను, ఏమీ అనుకోకే అంది. అది నన్ను బతిమాలుతోంది! రేపు పెడతానన్నాను.

మార్చి 14

పెడితే దాని గండం గడుస్తుంది, నా పరువూ దక్కుతుంది. పెన్ను మూత కూడా తీశాను. అప్పుడు చివరి వాక్యం చదివాను. నా స్నేహితురాలు నా కోసం తనూ ఫోన్ మానేసింది అని రాసింది, గుండ్రటి అక్షరాలతో. దాని కింద నా పేరు రాయలేకపోయాను. మెసేజ్ మూడు నలభైకి నేను చూశాను, తనకి చెప్పలేదు, తప్పు నాది అని రాసి ల్యాబ్ మేడమ్‌కి ఇచ్చేశాను. ఆవిడ రెండుసార్లు చదివారు. సోమవారం వైవా పెడతాను, ఈ మాట దానికి మాత్రం నువ్వే చెప్పుకోవాలి అన్నారు.

గదికొచ్చి అంతా చెప్పాను. తిట్టమన్నాను. తిట్టలేదు. మూడు నలభైకే తెలుసా అని ఒక్కటే అడిగింది. అవునన్నాను.

మార్చి 18

రేడియో వైవా పాసయింది. ఆ సంగతి క్లాస్ గ్రూపులో చూసి తెలుసుకున్నాను.