మామగారి నడుము, మన చక్రాలు

గౌరవనీయులైన తోడల్లుడుగారికి,

మీరు మీ కారుకు వేయించిన పెద్ద సైజు, తళతళలాడే అలాయ్ వీల్స్ విషయమై ఈ ఉత్తరం. మామగారు అల్లుళ్ళిద్దరినీ సమానంగా చూడాలనే మనం ఒకే రకం, ఒకే రంగు కార్లు కొన్నాం. ఆ సమానత్వాన్ని మీరు ఏకపక్షంగా రద్దు చేశారు.

"పెద్దల్లుడి బండి పెళ్ళికొడుకులా ఉందే!" అని మామగారు మురిసిపోయారు. పక్కనే ఉన్న నా కారు వైపు కన్నెత్తైనా చూడలేదు. నాకు అసూయ కలగలేదని మనవి. అన్నం మాత్రం సహించలేదు.

నేనూ కొనాలా అని మెకానిక్‌ను సంప్రదించాను. "వద్దు సార్, చక్రం పెద్దదైతే టైరు పలచనైపోతుంది. గుంటలన్నీ నడుముకే తెలుస్తాయి" అన్నాడు. విరమించుకున్నాను.

పోయిన వారం మామగారే నా కారెక్కి, "అల్లుడూ, పెద్దల్లుడి బండిలో నడుం విరిగిపోతోంది. ఇకనుంచి నడుం చూపించుకోవడానికి ఆసుపత్రికి నీతోనే వస్తా" అన్నారు. నేను అక్కడితో ఆగవలసింది. కానీ దిగేసరికి మామగారి వాకిట్లో మీ కారు చక్రాలు ధగధగలాడుతున్నాయి. మర్నాడే మీకన్నా ఒక సైజు పెద్దవి వేయించాను.

నిన్న ఆయనను ఆసుపత్రికి తీసుకువెళ్ళడానికి వస్తే, అప్పటికే మీ కారులో హాయిగా కూర్చుని ఉన్నారు. ఆయన నడుము కోసం మీరు పాత చక్రాలే మళ్ళీ బిగించారట. "మనసున్న అల్లుడు" అని అత్తగారు నా ఎదుటే అన్నారు.

నా పాత చక్రాలను కొత్తవాటికి మారకంగా దుకాణంవాడు అప్పుడే తీసేసుకున్నాడు. కావున ఈసారి ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు నన్ను కూడా మీ కారులో ఎక్కించుకోవలసిందిగా ప్రార్థన. నాకూ నడుం పట్టేసింది.

ఇట్లు,
మీ మంచితనాన్ని సహించడానికి ప్రయత్నిస్తున్న
చిన్నల్లుడు