మూసిన ముక్క

మంగళవారం రాత్రి

కాదన్నా, నేను అబద్ధం చెప్పలేదు. "ఓపెన్ సోర్సంటివే, ఏదీ, బాగుచేసి చూపీరా" అని నిన్న కోట ఊళ్లో, నేను పనిచేసే రిపేరు షాపులో అందరి ముందూ మా ఓనరు రఫీ అన్న అన్నాడు. దానికి జవాబు ఇక్కడ రాస్తున్నా.

మామ చేపల పడవలో దారి చూపే పెట్టె చెడిపోయింది. దాన్ని నడిపే అసలు సాఫ్ట్‌వేర్, అంటే కెర్నల్, లైనక్సే. దాని కోడ్ ఎవరైనా చదవచ్చు, మార్చచ్చు. ఆ ధైర్యంతోనే మామకు మాటిచ్చాను. కోడంతా దించుకుని చూశాను. శాటిలైట్ సిగ్నల్ అందుకునే ముక్క మాత్రం అందులో లేదు. పెట్టె చేసినవాళ్లు దాన్ని ఎవరూ చదవకుండా మూసేసి ఇచ్చారు. చెడింది సరిగ్గా అదే. మరి దీన్ని ఓపెన్ అనొచ్చా? తొమ్మిదితో బడి మానేసిన నేను ఎవరిని అడగాలి?

సాయంత్రం చెప్తే మామ కోప్పడలేదు. "చుక్కల్ని చూసుకుంటా పోతాంలే అబ్బయా. మా నాయన కాలంలో యాడుండాయి పెట్టెలు?" అన్నాడు.

బయట ఒక్క చుక్క లేదు, అంతా మబ్బే.

రేవులో మామ పడవ ఇంజను స్టార్ట్ చేసినట్టున్నారు. దారి చూసుకోను నా ఫోనైనా మామ చేతికివ్వాలి. దీంట్లోనూ ఆ ముక్క మూసిందే, కానీ పనిచేస్తోంది. పోవాలి.