థీసిస్ దారి

మదనపల్లె, శుక్రవారం రాత్రి

ఈ రోజు నా ఎంబీఏ థీసిస్ వైవా అయిపోయింది. పాసయ్యాను! మా క్లాసులో అందరూ థీసిస్ వద్దనుకుని, దాని బదులు రెండు పేపర్లు ఎక్కువ రాసి గట్టెక్కారు. నేనొక్కదాన్నే టమోటా మండీలో కాయలు ఏరే ఆడవాళ్ళ మీద థీసిస్ తీసుకున్నాను. అమ్మ పుంగనూరు నుంచి రోజూ వచ్చేది ఆ పనికే.

వైవాకు కుప్పం యూనివర్సిటీ నుంచి వచ్చిన ప్రొఫెసర్, "కాయలు ఏరడం కూలిపనే కదమ్మా, ఇందులో మేనేజ్‌మెంట్ ఎక్కడుంది?" అన్నారు. నేనన్నాను:

"ఏ కాయ చెన్నై దాకా తట్టుకుంటుందో, ఏది ఈ పూటే అమ్మేయాలో తేల్చేది వాళ్ళే సార్. వాళ్ళ లెక్క తప్పితే లోడంతా కుళ్ళిపోతుంది. నిర్ణయాలు తీసుకునేవాళ్ళను మనం కూలీలంటున్నాం, అంతే."

ఆయన నా థీసిస్ మళ్ళీ తిరగేశారు. తర్వాత, "మా దగ్గర పీహెచ్‌డీ చేస్తావా?" అని అడిగారు.

చేరితే ఉద్యోగం ఇంకా ఆలస్యమవుతుంది. అమ్మ మోకాళ్ళు అప్పటిదాకా ఆగుతాయా... అమ్మకు ఫోన్ చేసి అదే అన్నాను.

"నా మోకాళ్ళతో నీకేం పని? ఆ సారుకు వస్తానని చెప్పు మే!" అని కసిరింది. ఆ వెంటనే పక్కన కాయలు ఏరుతున్నవాళ్ళతో గట్టిగా అరిచింది:

"ఇనండిమే, మన పని మీద పుస్తకం రాసి గెలిసింది నా కూతురు!"