నేను నేర్పిన ముడి

ఎమ్మిగనూరు, 1956, శుక్రవారం రాత్రి

ఆదోని నుంచి అక్కను తెచ్చేసుకున్నాను. లోపల నిద్రపోతోంది.

పొద్దున వెళ్ళేసరికి ఆమె కొడుకు రంగప్ప మగ్గం మీదున్నాడు. వాడికి నేత నేర్పింది నేనే. తెగిన పోగుకు ముడి వేయడానికే వాడికి నెల పట్టింది. నాకు మా నాయన దగ్గర రెండు నెలలు పట్టింది, అది వేరే కథ. వాడి పనితనం ఊరంతా చాటినవాణ్ణీ నేనే.

అక్క గుంజ పక్కన కూర్చుని ఉంది. కాలికి నూలుతాడు. లాగినకొద్దీ బిగిసే ఆ ముడి మగ్గం తెలియనివాళ్ళకు విప్పడం రాదు. దాని కింద చర్మం నల్లగా కాయకట్టింది. ఒక్కరోజులో అలా కాదు.

"ఇదేందిరా?"

"మతి లేదు మామా, బజార్న పడి తిరుగుతాది. నువ్వు ఏడాదికొకతూరి వస్తావు. సూసుకునేది మేము గదా!"

"ఇంక నేను సూసుకుంటా లే."

కూర్చుని విప్పాను. పోగుల మధ్య అటూ ఇటూ ఆడే వాడి నాడె ఆగలేదు.

బస్సులో అడిగాను. "నాకెందుకు సెప్పలేదక్కా?"

మతి లేని మనిషి నా వైపు తిరిగింది.

"ఉగాదికే సెప్పింటి గదరా. నువ్వు ఏందో కత సెప్పి నన్ను నవ్విస్తివి."

ఏ కథో, ఎంత తలుచుకున్నా గుర్తు రావడం లేదు.