వందన సమర్పణ నాకే

నవంబర్ 3, సోమవారం

మా బట్టల హోల్‌సేల్ కాంప్లెక్స్ అసోసియేషన్ వార్షికోత్సవం పదహారున. ప్రెసిడెంట్ అంకమ్మరావు గారి ఉపన్యాసం నేనే రాసిపెట్టాలట. తెలుగు ఎమ్మే చదివి ఇక్కడ చీరలు మడతపెడుతున్నానని ఆయనకు తెలుసు. కాస్త బరువైన మాటలు వెయ్యమ్మా, జనం నోరెళ్లబెట్టాలి అన్నారు.

వేస్తాను. కానీ ఒక్క పేరా నాది. సేల్స్ ఆడవాళ్లకు కాంప్లెక్స్‌లో బాత్రూమ్ లేదు. బస్టాండ్ దాకా పరిగెత్తాలి. మా షాపులో మాణిక్యమ్మ గారికి షుగరు. మొన్న దారిలోనే ఆపుకోలేక, చీర తడిసి, రోడ్డు మీద నిలబడి ఏడ్చారు.

నవంబర్ 9, ఆదివారం

పేరా కొట్టేశారు! "అశేష సభికులారా" ఉంది, "అజరామరం" ఉంది, "నభూతో నభవిష్యతి" ఉంది. నాది ఒక్కటే లేదు. శుభమా అని సభ పెట్టుకుంటే ఆ బాత్రూమ్ గొడవ ఎందుకమ్మా అన్నారు. పోనీ నన్ను మాట్లాడనివ్వండి అన్నాను. వందన సమర్పణ నీదేగా, అప్పుడు చెప్పుకో అన్నారు. ఒళ్లు మండింది. వందన సమర్పణ టైముకు జనం ఎక్కడుంటారో ఎవరికి తెలీదు! అయినా ఒప్పుకున్నాను. మైకు మైకే.

నవంబర్ 16, ఆదివారం, సాయంత్రం

ఆయన తడుముకోకుండా చదివారు. "దిగ్విజయం" దగ్గర చెయ్యి కూడా ఎత్తారు. ఒకటే చప్పట్లు. మాటలు నావి, శాలువా ఆయనకు.

నా పేరు పిలిచేసరికి భోజనాలు మొదలయ్యాయి. మిగిలింది మా ఆడవాళ్లే. బాత్రూమ్ అన్నాను. రెండో వాక్యానికి మైకు కట్టేశారు. మైకు లేకుండానే అరిచాను. మా ఓనర్ రాంబాబు గారు ప్లేటుతో వచ్చి, చాల్లేమ్మా, నీకు నోరు మరీ ఎక్కువైంది అన్నారు. వాళ్లు మాట్లాడితే వాగ్ధాటి. నేను మాట్లాడితే నోటి దురుసు. ఏడుపొచ్చింది. అన్నం తినకుండా వచ్చేశాను.

నవంబర్ 17, సోమవారం

పేపర్లో వేశారు. అంకమ్మరావు గారు ఆద్యంతం అనర్గళంగా ప్రసంగించి సభికులను మంత్రముగ్ధులను చేశారట. చివరగా ప్రత్యూష వందన సమర్పణ చేశారట.

నవంబర్ 18, మంగళవారం

కూడబలుక్కుని అందరం పొద్దున్నే కడుపునిండా నీళ్లు తాగాం. బేరాలు జోరుగా ఉన్న వేళ కౌంటర్లు వదిలేసి, ప్రెసిడెంట్ గారి ఆఫీసు బాత్రూమ్ ముందు వరసగా నిలబడ్డాం. ఏమిటిదమ్మా అని ఆయన నన్నే అడిగారు. నేను మాట్లాడలేదు. ఎవ్వరం మాట్లాడలేదు. పక్క షాపుల ఆడవాళ్లు కూడా వచ్చి నిలబడ్డారు. లైను మెట్లు దిగింది.